సారయ్య ఎత్తు బంగారం

మా మనవరాలు సనాకు సర్కారు కొలువు వచ్చింది. నర్సు చదువు పూర్తి చేసి, కొన్నాళ్ళు ప్రైవేటు దవాఖానల్లో నలిగిన పిల్ల, మొన్న భూపాలపల్లిలో మేముండే ఇంటికి జిలేబీ పొట్లం పట్టుకుని పరుగున వచ్చింది. నా నోట్లో ఒక ముక్క పెట్టి, "నానీ, డ్యూటీ యాడ పడ్డదో చెప్పు జూద్దాం" అంది. నేను మానుకోట అన్నాను, జనగామ అన్నాను, ఇక్కడి బొగ్గు గనుల దవాఖాన అన్నాను. "అవేం కావు. జైలు దవాఖాన!" అని చప్పట్లు కొట్టింది. జిలేబీ నా నోట్లో అట్లాగే ఉండిపోయింది. "ఏంది నానీ, గట్ల జూస్తున్నవ్? ఖైదీలు నన్నేమన్న జేస్తరనా? పోలీసోళ్ళుంటరు తియ్" అని నా గదవ పట్టుకుంది. నేను అడిగింది ఒక్కటే. "అక్కడ తూకం మిషను ఉంటదా బేటా?" పిల్ల పకపకా నవ్వింది. "ఉండకపోతే ఎట్ల? ఎవలొచ్చినా ముందుగాల బరువే జూస్తం."

నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు కుదురుగా రావు. కానీ చూసింది, విన్నది నాలోంచి పోదు. ఆ రోజు అన్నాలు తినేటప్పుడు సనాకు కొంత చెప్పాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

జనగామలో మా ఇల్లు స్టేషను వెనక, మసీదు పక్క గల్లీలో ఉండేది. రెండు అర్రలు, పెంకుల కప్పు, ముందర వాకిలి. మా అబ్బా దూరాన ఉన్న పెద్ద జైలులో, జైలు దవాఖానలో కాంపౌండరు. వారమంతా అక్కడే ఉండి, గురువారం సాయంత్రం ప్యాసింజరు బండికి వచ్చేవాడు. రాగానే ఇంట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. తడిక చాటున అమ్మీ కాచి పెట్టిన వేడినీళ్ళతో తలమీద నుంచి స్నానం చేసి, లుంగీ మార్చుకుని, అప్పుడు గడప దాటేవాడు. విడిచిన బట్టలు అమ్మీ వేరే గంగాళంలో నానబెట్టేది. ఎంత ఉతికినా వాటికి ఫినాయిలు వాసన, స్పిరిటు వాసన ఉండేవి. పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, నూనెలో ఉల్లిగడ్డ వేగే వాసన, వీటి మధ్యలో ఆ ఫినాయిలు. ఇప్పటికీ ఎక్కడన్నా బాత్రూములు కడుగుతుంటే నాకు గురువారం అనిపిస్తుంది.

శుక్రవారం పొద్దున్నే మా వాకిలి నిండేది. చీము గడ్డలు, చెవిపోట్లు, కొడవలి తెగినవాళ్ళు, నర్మెట్ట నుంచి ఎడ్లబండి మీద వచ్చిన బాలింతలు. అందరూ డాక్టర్‌సాబ్ అనేవాళ్ళు. "డాక్టరును కాదు నాయినా, కాంపౌండర్ని. మళ్ళ అంటే సూది పెద్దది తీస్త" అని అబ్బా బెదిరించేవాడు. మెత్తటి చేతులు. ఏడ్చే పిల్లలు కూడా ఆ చేతులు పడితే ఊరుకునేవాళ్ళు. మా మీద ఎన్నడూ చెయ్యెత్తినవాడు కాదు. ఒక్కసారి మాత్రం నా మణికట్టు పట్టి బరబరా గుంజుకుపోయాడు. స్టేషనులో ఎర్ర తూకం మిషను ఉండేది. దాని మీద నిలబడి పైసలు వేస్తే రంగుల దీపాలు తిరిగి, బరువు అచ్చేసిన అట్టముక్క బయటికి వచ్చేది. నేను దాని మీదికి ఒక కాలు పెట్టాను, అంతే. ఇంటికి వచ్చేదాకా ఏడ్చాను. అమ్మీ కోపానికి వచ్చింది. "పసిపిల్ల మున్నీ బరువు జూసుకుంటె ఏం బోయింది? మిషను కరుస్తదా?"

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నాకు అర్థం కాదనుకున్నాడో, ఉన్నది మరిచిపోయాడో, అబ్బా గోడకు ఆనుకుని చెప్పాడు. "ఉరిశిక్ష పడ్డోన్ని మేము తూకమేస్తం. ఆ బరువును బట్టే తాడు ఎంత పొడుగుండాల్నో లెక్క జూస్తరు. ఆ బరువుకు సరిపోను ఇసుక బస్తాల నింపి, ముందుగాల బస్తాను వేలాడదీసి జూస్తరు. మనిషిని కాంటా మీద నిలబెట్టేది నేను. ఇగ నా పిల్లల బరువు నాకెందుకు?" అమ్మీ "తౌబా" అని చెంపలు వేసుకుంది. మా ఇంట్లో మళ్ళీ ఎవరమూ ఏ కాంటా ఎక్కలేదు.

సారయ్య పేరు మా ఇంట్లోకి వచ్చింది ఆ తర్వాతే. కొత్తగూడ అడవి పక్క గూడెం వాడు. పోడు భూమి కాడ గొడవై అదే గూడెం అన్నదమ్ములిద్దరిని గొడ్డలితో నరికి చంపాడు. ఉరిశిక్ష పడింది. క్షమించమని పైకి అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అడవి జ్వరంతోనే జైలుకు వచ్చాడట. చలిపెట్టి మంచం ఎగిరేదట, కడుపులో గడ్డ చేతికి తగిలేదట. అబ్బా మందు ఇచ్చాడు, పక్కన కూర్చుని గంజి తాగించాడు. జైలు డాక్టరు చెడ్డవాడేం కాదు, అడిగితే వినేవాడు. ఆయన్ని బతిమాలి ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు రాయించాడు. ఇదంతా అన్నం ముందు చెప్తుంటే అమ్మీ అడిగింది, "ఎట్లైనా ఉరి తీసేటోనికి గుడ్డెందుకు?" అబ్బా ముద్ద కలుపుతూ అన్నాడు, "రోగమున్నోన్ని ఉరి తియ్యరు. బాగైనంకనే తియ్యాలె. గదే జైలు కాయిదా, రూలు." ఆ పూట ఎవరమూ సరిగా తినలేదు.

ఆ చలికాలం ఒక శుక్రవారం, రోగులందరూ వెళ్ళిపోయాక, ఒక ముసలామె మా తడిక దగ్గర నిలబడింది. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో గుడ్డసంచి. "కాంపౌండరు సారిల్లు ఇదేనా? నేను సారయ్య తల్లిని. ముత్తక్కంటరు. ములాకత్‌కు పొయ్యస్తున్న" అంది. మానుకోటలో బండెక్కితే జనగామ దారిలోనే వస్తుంది. తిరుగు ప్రయాణంలో దిగి, మసీదు పక్కనని కొడుకు చెప్పిన గుర్తుతో వచ్చింది. అబ్బా లేచి నిలబడ్డాడు. అమ్మీ చాప వేసి నీళ్ళిచ్చింది.

"జైల్ల వారం వారం తూకమేస్తరట గద సారు. నా కొడుకు జెప్పిండు. మీరే భుజం బట్టి నిలవెడ్తరట. సల్లగుండాలె మీరు" అని ముత్తక్క చేతులెత్తి మొక్కింది. "కన్నతల్లిని, నేను ఒక్కనాడు వాన్ని తూకమెయ్యలే. అందుకే ఈ గోస పడ్డది."

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అంటారని మా వైపు తెలియనివాళ్ళు లేరు. మనిషి తూగినంత బెల్లం అక్కడి వనదేవతలైన తల్లులకు ఇవ్వడాన్ని ఎత్తు బంగారం ఇవ్వడం అంటారు. సారయ్య చంటివాడుగా ఉన్నప్పుడు జబ్బు చేసి పిట్టలా అల్లాడిపోయాడట. బతికితే, పెద్దవాడయ్యాక వాడి ఎత్తు బంగారం ఇస్తానని ముత్తక్క మొక్కుకుంది. ఒక జాతరకు కరువు, ఇంకో జాతరకు మొగుడు చావు, ఇంకోసారి పెండ్లి అయ్యాక చూద్దాంలే అనుకోవడం, అట్లా అట్లా వాయిదా పడింది. ఇప్పుడు జాతర దగ్గరికి వచ్చింది. కాంటాలో కూర్చోబెడదామంటే కొడుకు చేతికి అందే చోట లేడు.

"వానెత్తు ఎంతో మీకే ఎరుక సారు. జర చెప్పుండ్రి. మొక్కు దీరిస్తె తల్లులు కండ్లు దెరుస్తరు, పై సార్లు కాయిదం మీద మంచి మాట రాస్తరు." కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "నాకొకటి సమజ్ గాలే సారు. వాన్ని ఊకూకె తూకమేస్తున్నరంటె, జైలోళ్ళు గూడ వాని పేర మొక్కుకున్నరా?"

అమ్మీ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడుతోంది. నేనే పోయి తీశాను. అబ్బా నేలను చూస్తూ, "అది బయట చెప్పొద్దవ్వా. కాయిదా లేదు" అన్నాడు. "బరువుల దాసనీకె ఏముంటది సారు?" అంది ఆమె. నమాజు వేళ కాకపోయినా అబ్బా టోపీ పెట్టుకుని మసీదుకు పోయాడు.

అమ్మీ ఆమెకు రొట్టె, పప్పు పెట్టింది. ముత్తక్క తింటూ తనంతట తనే మాట్లాడింది. "సంపలేదని నేననను అమ్మా. సంపిండు. ఆ పిలగాండ్ల తల్లి మా గూడెంలనే ఉంటది. బాయి కాడ నేనెదురైతె బిందె దించి అవుతలికి పోతది. నేను మల్లొచ్చేదాక ఆ బిందె గట్లనే ఉంటది. నింపి పెడ్దామన్పిస్తది. నింపితె పారవోస్తదేమోనని భయం." అమ్మీ ఆమెకు ఇంకొంచెం పప్పు వేసింది.

అబ్బా తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా వాకిట్లోనే ఉంది. అమ్మీ మా ఇంటి ఉర్దూలో అందుకుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "ఆమె నీ జాగ అడుగుతలేదు మున్నీ అబ్బా. కడుపుల మోసినోని బరువు అడుగుతుంది. దానికి గూడ కాయిదా అడ్డమొస్తదా? ఇసుక బస్తా కట్టేటోనికి చెప్తవ్, తల్లికి చెప్పవా?" ముత్తక్కకు ఆ మాటలు అర్థం కాలేదు. మా ముగ్గురి ముఖాలు మార్చి మార్చి చూసింది. అబ్బా ఆమె ముందు గొంతుక్కూర్చుని బరువు చెప్పాడు. ఆ అంకె నేనిక్కడ రాయను. ఆమెకు లెక్క రాదు, మానుకోట దుకాణపాయనకు చెప్పి తూయించుకుంటానంది. గల్లీ మలుపు తిరిగేదాకా ఆ అంకెను మనిషి పేరులా అనుకుంటూ పోవడం నాకు వినిపించింది.

జాతర అయిపోయాక మళ్ళీ వచ్చింది. ఒళ్ళంతా ఎర్ర దుమ్ము, ముఖానికి పసుపు. ఆకులో చుట్టిన బెల్లం ముక్క అమ్మీ చేతిలో పెట్టి, "కాంటా ముల్లు నడుమ నిలవడ్డది అమ్మా! వీసమంత అటు మొగ్గలే, ఇటు మొగ్గలే. అంత గంప నెత్తిన వెట్టుకుని వాగు దాటిన. నా కొడుకునే ఎత్తుకున్నట్టు అనిపిచ్చింది" అంది. ఆ రోజు ఆమె నవ్వితే ముందు పళ్ళు లేవని తెలిసింది. మేమందరం బెల్లం తిన్నాం. అబ్బా మాత్రం తన ముక్కను అరచేతిలో కాసేపు పట్టుకుని, "నువ్వు తిను మున్నీ" అని నాకిచ్చాడు.

తర్వాత కొన్ని నెలలకు, గురువారం కాని రోజున, పట్టపగలు అబ్బా ఇంటికి వచ్చాడు. స్నానం చెయ్యకుండానే వాకిట్లో కూలబడ్డాడు. అర్జీ తోసేశారట. తేదీ పడిందట. తాడు కోసం ఆఖరిసారి తూకం వేశారట.

"పెరిగిండు" అన్నాడు అమ్మీతో. "జ్వరం బోయింది, ఆకలి బుట్టింది. పాలు తాగిండు, గుడ్డు తిన్నడు. చెంపలొచ్చినయ్. కాంటా మీద నిలవడి నవ్విండు. సారూ, మా అవ్వ జూస్తె గుర్తువట్టదు అన్నడు."

అమ్మీ నీళ్ళ చెంబు ముందు పెట్టి, "మందు ఇయ్యకపోయుంటె?" అంది.

"జ్వరముంటె కొన్ని రోజులు ఆపుదురు. తగ్గినంక తీద్దురు."

"మరి ఏం జెయ్యాలె?"

"నాకేం తెల్సు? జ్వరమొచ్చినోనికి మందిచ్చుడొక్కటే నేర్పిండ్రు నాకు" అని అబ్బా మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. ఆ మాటలో కోపం లేదు. దారి అడిగితే తెలియదని చెప్పినట్టు చెప్పాడు.

ఆ పని రోజున డాక్టరుతో పాటు అబ్బా కూడా అక్కడ నిలబడాల్సి వచ్చింది. డాక్టరు గుండె చూసి అయిపోయిందని చెప్పేదాకా కిందికి దించరు. దించేటప్పుడు పట్టుకోవడానికి ఒకరు కావాలి. అంతవరకే నాకు తెలుసు. అబ్బా దాని గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. ఆ శుక్రవారం వాకిట్లోకి వచ్చిన రోగులను అమ్మీ వెనక్కి పంపింది. చేతికి చీము గడ్డ లేచిన ఒకాయన మాత్రం పోకుండా, "డాక్టర్‌సాబ్ లేసినంకనే పోత" అని పొద్దుగూకేదాకా తడిక బయట కూర్చున్నాడు. చివరికి అబ్బానే బయటికి వచ్చి, ఆ గడ్డ కోసి కట్టు కట్టాడు.

సనాకు ఇంతవరకే చెప్పాను. పిల్ల కంచంలో చెయ్యి పెట్టుకుని, తినకుండా విన్నది. తర్వాత, "నానీ, మా దగ్గర ఉరి గిరి లేదు. బీపీ జూస్తం, షుగర్ జూస్తం, గోలీలిస్తం. అసలు ఇప్పుడు ఉరి పడ్డా ఏండ్లకేండ్లు గట్లనే ఉంటరు" అంది నన్ను సముదాయిస్తున్నట్టు. ఉండొచ్చు. ఇప్పటి మిషన్ల మీద మనిషి నిలబడితే అంకె తనంతట తనే ఎర్రగా వెలుగుతుంది, భుజం పట్టుకునే పని లేదు. మేడారంలో కూడా ఇప్పుడు కరెంటు కాంటాలు, బస్సు దిగిన చోటే బెల్లం దుకాణాలు. అన్నీ సులువయ్యాయి. కానీ ఏండ్లకేండ్లు అట్లా ఉండే మనిషికి జ్వరం రాదా? వస్తే మా సనా మందు ఇవ్వదా? ఇస్తుంది. ఇవ్వకుండా ఉండలేదు, ఆ చేతులు మా అబ్బా చేతులే. ఎందుకోసం బాగుచేస్తున్నావని ఆ పిల్లను అడిగే మనిషి ఒకరు ఎప్పుడో తడిక దగ్గరికి వస్తారని నా భయం. కొలువు వద్దనడానికి నాకు నోరు రాలేదు. జైల్లో ఉన్నవాళ్ళకు జ్వరమొస్తే మెత్తటి చెయ్యి ఉండొద్దని ఎట్లా అంటాను?

ముత్తక్క మా ఇంటికి చివరిసారి వచ్చింది వానాకాలంలో. మధ్యాహ్నం సన్నగా ముసురు పడుతోంది. కొడుకును ఊరికి తెచ్చుకుని కాల్చుకుంది. ఏడుపంతా అక్కడే అయిపోయినట్టు కళ్ళు పొడిగా ఉన్నాయి. అబ్బా ఎదురుగా చాప మీద కూర్చుని, ముందూ వెనకా ఏమీ లేకుండా అడిగింది.

"ఆఖరుకు ఎంతుండె సారు నా కొడుకు?"

"ఇప్పుడెందుకవ్వా అవన్ని?"

"కట్టెల మీద పెట్టనీకె లేపితె బరువున్నడన్నరు మావోల్లు. అప్పటి సంది మనసుల పీకుతుంది. నా బంగారం తక్కువైందా సారు? అందుకే తల్లులు మొకం దిప్పుకున్నరా?"

మందు సీసాలో గీత దాటి ఒక్క చుక్క కూడా పోయనివాడు అబ్బా. "లేదవ్వా. నువ్విచ్చినంతే ఉండె. తక్కువ పడలే" అన్నాడు. అమ్మీ, నేను ఒకరినొకరం చూసుకున్నాం. ముత్తక్క పెద్దగా ఊపిరి వదిలి, గోడకు ఆనుకుంది. కాసేపు బాగానే ఉంది. తర్వాత మెల్లగా ముఖం మారింది.

"అయితె నా మొక్కుల తప్పు లేదు" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "తల్లులకు నిండ ముట్టింది. ముట్టినంక గూడ వాళ్ళు జూడలేదంటె, ఇగ నేనెవరికి మొక్కాలె? తప్పెవల్ది సారు?"

అబ్బా చాప అంచుదాకా జరిగాడు. "అబద్ధమాడిన అవ్వా" అన్నాడు. "ఎక్కువుండె. నువ్వు మొక్కు దీర్చినంక పెరిగిండు. నేనే పాలు పోయించిన, గుడ్డు పెట్టించిన. జ్వరం దగ్గించిన. తక్కువ పడ్డది నా వల్ల. తిట్టాలంటె నన్ను తిట్టు."

ఆమె తిడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె కొంచెం ముందుకు వంగి అడిగింది.

"పాలు తాగిండా?"

"రోజు తాగిండు."

"ఇంటికాడ ఎన్నడు తాగలే. ఉంటె గద" అంది. తర్వాత, "చెంపలొచ్చినయా?"

"వచ్చినయవ్వా."

ముత్తక్క తలూపింది. అట్లా చాలాసార్లు తలూపుతూనే ఉంది. ఆ తర్వాత, "వచ్చే జాతరకు మిగిలింది ఇచ్చేస్త. ఎంత ఎక్కువుండె సారు?" అంది. "సచ్చినోని మొక్కేందవ్వా" అని అమ్మీ అనబోయింది. "మొక్కింది నేను గదమ్మా. నేను బతికే ఉన్న" అంది ఆమె.

అబ్బా నోరు తెరిచాడు. అంకె బయటికి రాలేదు. చివరికి రెండు చేతులూ ముందుకు చాపి, ఇంత బెల్లం అన్నట్టు, అరచేతుల మధ్య ఎడం చూపించాడు. ముత్తక్క ఆ ఎడాన్ని కళ్ళు చిట్లించి చూసింది. నమ్మకం కుదరక, తన రెండు చేతులు ఆ చేతుల మధ్య పెట్టి, చేతుల వెనకభాగం అబ్బా అరచేతులకు తగిలేదాకా జరిపి, కొలత తీసుకుంది. తర్వాత ఆ ఎడం చెదరకుండా చేతులు వెనక్కి తీసుకుని, అట్లాగే లేచి నిలబడింది. కొంగు జారితే సర్దుకోలేదు. అమ్మీ లేచిపోయి భుజం మీద వేసింది.

ఆమె సంచి పట్టుకుని నేను స్టేషనుదాకా పోయాను. వానలో, గల్లీ పొడుగునా, చేతులు అట్లాగే ముందు పట్టుకుని నడిచింది. ఏదో బరువు మోస్తోందనుకుని ఎదురొచ్చేవాళ్ళు పక్కకు జరిగారు. బండి వచ్చాక ఎక్కడానికి కమ్మీ పట్టుకోవాలి. ఆమె పట్టుకోలేదు. నేనూ, ఇంకో ఆడమనిషీ నడుము పట్టి పైకి ఎక్కించాం. బండి కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. ఒళ్ళో రెండు చేతులు, వాటి మధ్య ఆ ఎడం. దాన్నే చూసుకుంటూ కూర్చుంది. నా వైపు తలెత్తలేదు.